సూడు

మా ఊళ్లో "సూడు" అంటే చూడు అని అర్థం. కంప్యూటర్ల వాళ్లకు కూడా ఒక "సూడు" ఉంది. ఇంగ్లీషులో నాలుగే అక్షరాలు. దాన్ని సాకుతున్నవాళ్లు "సూ-డూ" అని పలకమంటారు, మా క్లాసులో సగం మంది "సుడో" అంటారు. నేను మాత్రం "సూడు" అనే అంటాను. అందరూ నవ్వుతారు. నవ్వనీయండి. ఆ మాట నాకెందుకు అలా స్థిరపడిందో చెప్పడానికే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

సావనీరుకు ఏదైనా సైన్సు వ్యాసం రాయమని ఎడిటర్ అడిగినప్పుడు, అందరిలాగే నేను కూడా నక్షత్రాల మీదో, అణువు మీదో రాద్దామనుకున్నాను. కాని ఎక్కడో చదివింది తిరిగి రాయడం కంటే, నేను చేసిన తప్పు ఒకటి రాస్తే చదివేవాళ్లకు ఎక్కువ ఉపయోగమని తర్వాత తోచింది. తప్పు నాది గనుక ఎవరి అనుమతీ అక్కర్లేదు.

సెకండియర్‌లో ఉండగా జరిగింది. మా ల్యాబులో కంప్యూటర్లన్నీ లినక్స్ మీద నడుస్తాయి. అన్నిటికీ కలిపి ఒక సర్వరు. మా రికార్డులు, ప్రోగ్రాములు, సీనియర్ల ప్రాజెక్టులు అన్నీ అందులోనే. ల్యాబు చూసే సార్‌కు ఎప్పుడూ ఏదో ఒక పరీక్ష డ్యూటీ. ప్రింటరేమో రోజు మార్చి రోజు మొరాయించేది. దాన్ని మళ్లీ నడిపించాలంటే సార్ రావాల్సిందే. చివరికి విసుగెత్తి ఒకరోజు నన్ను పిలిచి, "నువ్వు కాస్త బుద్ధిమంతుడిలా ఉన్నావు, ఇదిగో రూట్ పాస్‌వర్డ్, ప్రింటర్ ఆగితే నువ్వే చూసుకో" అన్నారు. నాకు ఆ రోజు కాళ్లు నేలమీద ఆనలేదు!

రూట్ అంటే ఏమిటో తెలియని మిత్రుల కోసం రెండు ముక్కలు. యూనిక్స్ అనే వ్యవస్థ 1969లో అమెరికాలోని బెల్ లేబరేటరీస్‌లో పుట్టింది. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ దాని కర్తలు. ఒకే యంత్రాన్ని పలువురు వాడుకోవడం దానికి మొదటినుంచీ అలవాటు. కాబట్టి ప్రతి మనిషికీ ఒక నంబరు ఉంటుంది. ఎవరి ఫైళ్లు వాళ్లవి. ఒకరిది ఇంకొకరు చెరపబోతే "అనుమతి లేదు" అని యంత్రం మొహం మీదే చెప్తుంది. ఇంతమందిలో ఒక్క నంబరుకు మాత్రం ఈ అడ్డు లేదు. అది సున్నా. ఆ సున్నా నంబరు వాడి పేరే రూట్. సున్నా వచ్చి అడిగితే యంత్రం దాదాపు ఏ ప్రశ్నా వెయ్యదు. చెరపమంటే చెరుపుతుంది, ఆపమంటే ఆగుతుంది. లినక్స్ తర్వాత పుట్టినదైనా ఈ విషయంలో అదే దారి.

నా అవసరం ప్రింటరు వరకే. నా చేతికి వచ్చింది మాత్రం మొత్తం సర్వరు. ఈ తేడా అప్పుడు నాకు తట్టలేదు, సార్‌కూ తట్టలేదు.

నేను ఊరికి వెళ్లినప్పుడు ప్రింటరు ఆగితే ఎలా అని నా స్నేహితుడికి చెప్పాను. వాడు మర్చిపోతానని రికార్డు చివరి పేజీలో రాసుకున్నాడు. ఆ రికార్డు నలుగురి చేతుల్లో తిరిగింది. ఎవరో మహానుభావుడు ఒక చీటీ మీద రాసి సర్వరు కీబోర్డు కింద అంటించాడు. నెల తిరక్కుండా ఏడుగురం "రూట్"లం అయ్యాము.

ఒక సాయంత్రం సర్వరులో డిస్కు నిండిపోయింది. పాత తాత్కాలిక ఫైళ్లు కొన్ని తీసేద్దామని నేను సర్వరు దగ్గరే కూర్చుని రూట్‌గా లోపలికి వెళ్లాను. తెర మీద రెండు కిటికీలు తెరిచి ఉన్నాయి. ఒకదానిలో తాత్కాలిక ఫైళ్ల డైరెక్టరీ, రెండోదానిలో సీనియర్ల ప్రాజెక్టుల డైరెక్టరీ. అన్నీ చెరిపెయ్యమనే కమాండు కొట్టి ఎంటర్ నొక్కాను. కొట్టింది రెండో కిటికీలో అని తెలిసేసరికి అంతా అయిపోయింది. అదే పని నా సొంత పేరుతో చేసి ఉంటే, ఇతరుల ఫైళ్ల దగ్గర యంత్రం నన్ను ఆపేది. రూట్‌ను ఆపేవారెవరు?

పోయిన వాటిలో ఎమ్మెస్సీ అక్క ఒకామె ప్రాజెక్టు ఉంది. పొలంలో నేల తేమ కొలిచిన లెక్కలు. పాత కాపీ ఒకటి దొరికింది గాని, అందులో చివరి మూడు వారాలు లేవు. మళ్లీ కొలుద్దామంటే ఆ మూడు వారాల వానలు మళ్లీ వస్తాయా? వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టినవాణ్ణి, ఆ మాత్రం నాకు తెలుసు. అదను పోతే పోయినట్టే.

ఇంతవరకు జరిగింది పొరపాటు. దాని తర్వాత నేను చేసింది తప్పు. నేను నోరు మెదపలేదు.

మర్నాడు సార్ లాగు పుస్తకం, అంటే యంత్రం తనంతట తాను రాసుకునే దినచర్య, తెరిచి చూశారు. అందులో ఏముంది? సాయంత్రం సర్వరు దగ్గర "రూట్" లోపలికి వచ్చాడు అని ఉంది. ఆ రూట్ ఎవరు? ఏడుగురం రూట్‌లమే. రూట్‌కు ముఖం లేదు, రోల్ నంబరు లేదు. సార్ అడిగితే ఏడుగురం నేల చూపులు చూశాము. అనుమానం చివరకు ఎక్కడికి పోయిందో తెలుసా? ల్యాబు తాళం తీసే అటెండరన్న మీదికి. "స్విచ్చి తీసేసి ఉంటాడు, అందుకే పోయి ఉంటాయి" అని ఎవరో అన్నారు. ఆయనది పర్మినెంటు ఉద్యోగం కాదు. ఆఫీసు నుంచి సంజాయిషీ అడిగారు. కీబోర్డు ముట్టని మనిషి, దేనికి సంజాయిషీ రాయాలో తెలియక కాగితం పట్టుకుని, "తమ్మీ, ఇండ్ల ఏం రాయాలె?" అని నా దగ్గరికే వచ్చాడు.

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మూడో రోజు పొద్దున సార్ దగ్గరికి వెళ్లి, "నేనే సార్" అన్నాను. ఇంకో మాట నోట రాలేదు. సార్ చాలాసేపు కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నారు. తర్వాత, "సగం నీది, సగం నాది. ప్రింటరు కోసం నీకు మొత్తం ఇచ్చింది నేనే కదా" అన్నారు. అటెండరన్న సంజాయిషీ కాగితం ఆయనే వెళ్లి వెనక్కి తెచ్చారు. అక్కకు మాత్రం నువ్వే వెళ్లి చెప్పమన్నారు. చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

శిక్షగా సార్ నాకు ఒక పని ఇచ్చారు. "ఈ ల్యాబులో ఎవరికి ఏ పని అవసరమో పట్టిక రాసుకురా. ఎవరికీ రూట్ పాస్‌వర్డ్ ఇవ్వకుండా ఆ పనులు ఎలా జరుగుతాయో సుడో గురించి చదివి చెప్పు" అన్నారు. ఆ విధంగా నాకు "సూడు" పరిచయమైంది.

ఇది కొత్తదేమీ కాదు, నాకంటే చాలా పెద్దది. 1980 ప్రాంతంలో అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయం కంప్యూటర్ సైన్సు శాఖలో బాబ్ కాగ్‌షాల్, క్లిఫ్ స్పెన్సర్ అనే ఇద్దరు దీన్ని మొదట తయారు చేశారట. వాక్స్-11/750 అనే యంత్రం మీద. అంటే మనలాంటి కాలేజీ ల్యాబులోనే, మనలాంటి ఇబ్బందికే పుట్టింది! తర్వాత చేతులు మారి, 1990ల నడుమ నుంచి టాడ్ మిల్లర్ అనే ఆయన దీన్ని కనిపెట్టుకుని ఉన్నారు.

దీనికి ఆధారమైన ఉపాయం ఇంకా పాతది. డెనిస్ రిచీ దానికి 1973లో పేటెంటుకు అర్జీ పెడితే 1979లో మంజూరైంది. పేరు సెట్‌యుఐడి. ఉదాహరణకు, మీ పాస్‌వర్డ్ మీరు మార్చుకోవాలి. కాని పాస్‌వర్డులుండే ఫైలు రూట్‌ది, మీరు ముట్టకూడదు. మరెలా? పాస్‌వర్డ్ మార్చే ప్రోగ్రాము ఒకటి ఉంటుంది. నడిపించేది మీరే అయినా, నడుస్తున్నంతసేపూ దానికి రూట్ అధికారం ఉంటుంది. అయితే అది చేసేది మీ పాస్‌వర్డ్ మార్చే పని ఒక్కటే. పని అయిపోగానే మీరు మళ్లీ మామూలు మనిషే. సుడో కూడా అలాంటి ప్రోగ్రామే. కాకపోతే ఎవరికి ఏ పని అప్పగించాలో ఒక పట్టికలో రాసుకోనిస్తుంది.

ఆ పట్టికలో ప్రతి వరసా నాలుగు ప్రశ్నలకు జవాబు: ఎవరు? ఏ యంత్రం మీద? ఎవరి పేరుతో? ఏ కమాండు? అంతే. ఫలానా విద్యార్థి, ఈ సర్వరు మీద, రూట్ పేరుతో, ప్రింటరును తిరిగి నడిపే కమాండు ఒక్కటి. ఇంకేది కొట్టినా కుదరదంటుంది. అది అడిగేది రూట్ పాస్‌వర్డ్ కాదు, మీ సొంత పాస్‌వర్డ్. కాబట్టి ఎవరికీ చెప్పాల్సిన రహస్యమే ఉండదు. చేసిన ప్రతి పనీ, చెయ్యబోయి కాదనిపించుకున్న పనీ, ఎవరు, ఎప్పుడు, ఏ డైరెక్టరీలో నిలబడి, ఏం కొట్టారో దినచర్యలో పడుతుంది. నా విషయంలో ఆ ఒక్క వరస ఉండి ఉంటే అటెండరన్నకు కాగితం వచ్చేది కాదు.

ఆ వారం ఇంటికి ఫోను చేసినప్పుడు బాపు అడిగాడు.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

"సూడు గురించి చదువుతున్న బాపూ."

"ఏం సూడాలె?"

నవ్వొచ్చింది. తర్వాత నాకు తోచినట్టు విడమర్చి చెప్పాను. బాపు కాసేపు ఊరుకుని, "అంటే మన చెరువు కాడ నీరటోని లెక్క అన్నట్టు. ఆయినెకు తూము కాడ పెత్తనం గని, చెరువు మీద గాదు గదా" అన్నాడు.

నేను రెండు రోజులు చదివి అర్థం చేసుకున్నది ఆయన ఒక్క మాటలో చెప్పేశాడు! నీరటి తూము తీస్తాడు, మూస్తాడు. ఎవరి వంతు వస్తే వాళ్ల మడికి నీళ్లు వదులుతాడు. అంతేగాని కట్ట తెంచడానికి ఆయనకు హక్కు లేదు. తూము తీసేది కూడా పదిమందీ చూసే చోటే. "తెల్లకాయితం మీద ఏలుముద్ర ఎయ్యద్దని మీ తాత జెప్తుండె. మీ సారు నీకిచ్చింది గదే" అని కూడా అన్నాడు బాపు. ఆ మాట సార్‌కు చెప్పలేదు లెండి.

సరే, పట్టిక రాశాను. సులువే అనుకున్నాను. సార్ దాన్ని మూడుసార్లు చింపారు. ఆ మూడుసార్లూ నేను నేర్చుకున్నదే ఈ వ్యాసంలో అసలు సరుకు.

మొదటిసారి నేను తెలివిగా, "అన్నీ చెయ్యొచ్చు, ఈ నాలుగు ప్రమాదకరమైన కమాండులు తప్ప" అని రాశాను. సార్ నేను నిషేధించిన కమాండును ఒకదాన్ని ఇంకో పేరుతో కాపీ చేసి, ఆ కొత్త పేరుతో నడిపించి చూపించారు. పట్టికకు పాత పేరే తెలుసు, కొత్త పేరు తెలియదు. దొంగ చొక్కా మార్చుకుని వస్తే వాకిట్లో కాపలావాడు నమస్కారం పెట్టినట్టయింది. ఏది కూడదో రాసుకుంటూ పోతే అంతు ఉండదు. ఏది అవసరమో అది మాత్రమే రాయాలి. సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు పండితులు 1975లోనే ఒక వ్యాసంలో, ప్రతి ప్రోగ్రాముకూ ప్రతి మనిషికీ ఆ పనికి కావలసినంత అధికారమే ఉండాలి, అంతకు మించి ఉండకూడదని సూత్రీకరించారని అప్పుడే సార్ చెప్పారు.

రెండోసారి జాగ్రత్తగా రాశాను. ప్రింటరు వివరాలుండే ఫైలును వి.ఐ. ఎడిటరులో తెరిచి దిద్దుకోవచ్చు, అంతే. ఒక్క ఫైలు! ఇందులో తప్పేముంది? సార్ ఆ ఫైలు తెరిచి, ఎడిటరు లోపలినుంచే ఒక ఆశ్చర్యార్థకం గుర్తు పెట్టి షెల్ అని కొట్టారు. అంతే, తెర మీద రూట్ ప్రత్యక్షం! ఎడిటరు రూట్‌గా నడుస్తున్నప్పుడు అది పిలిచిన ప్రోగ్రామూ రూట్‌గానే వస్తుంది మరి. పెద్ద ఫైళ్లను పేజీలవారీగా చూపే ప్రోగ్రాముల్లో కూడా ఈ దారి ఉంటుందట. కొట్టానికి ముందర గొళ్లెం పెట్టి వెనక తడిక తీసి ఉంచినట్టు. దీనికి మందు కూడా సుడోలోనే ఉంది. సుడోఎడిట్ అని. అది ఫైలుకు ఒక కాపీ తీసి మీ చేతికిస్తుంది. మీరు మీ సొంత అధికారంతోనే దిద్దుతారు. ముగించాక తనే దాన్ని అసలు చోట పెడుతుంది.

మూడోసారి, పనులన్నీ ఒక చిన్న స్క్రిప్టుగా రాసి, దాన్ని రూట్‌గా నడపొచ్చునని పట్టికలో పెట్టాను. స్క్రిప్టు నా సొంత డైరెక్టరీలో ఉంది. సార్ చూసి, "రేపు నువ్వు ఈ స్క్రిప్టులో ఇంకో వరస చేర్చావనుకో, అది కూడా రూట్‌గానే నడుస్తుంది కదా?" అన్నారు. నడుస్తుంది మరి! అధికారంతో నడిచే ప్రోగ్రామును ఆ అధికారం తీసుకున్నవాడు దిద్దగలిగితే మిగతా కట్టుబాట్లన్నీ వృథా. ఫైలూ, అది ఉన్న డైరెక్టరీ రెండూ రూట్‌వే అయి ఉండాలి. పట్టికలో దారి మొదటినుంచి చివరిదాకా పూర్తిగా రాయాలి. కమాండు తర్వాత "ఏదైనా సరే" అనే నక్షత్రం గుర్తు పెట్టకూడదు. ఆ నక్షత్రంలో మనం ఊహించనివి కూడా దూరతాయి.

నాలుగోసారి నిలిచింది. ముగ్గురం విద్యార్థులం, ఒక్కొక్కరికి రెండు కమాండులు. ఒకటి ప్రింటరును తిరిగి నడపడానికి, ఇంకొకటి ఇరుక్కున్న పనులను వరసలోంచి తీసెయ్యడానికి. అంతకు మించి లేదు. పట్టికను దిద్దేటప్పుడు మామూలు ఎడిటరుతో కాకుండా విసుడో అనే దానితోనే తెరవాలని సార్ హెచ్చరించారు. అది ఒకేసారి ఇద్దరిని దిద్దనివ్వదు, వ్యాకరణం తప్పుంటే దాచేముందే చెప్తుంది. తప్పుతో దాచుకుంటే సుడోయే పనిచెయ్యనని మొండికెయ్యగలదు. ఆ తర్వాత సార్ రూట్ పాస్‌వర్డ్ మార్చేశారు. కీబోర్డు కింది చీటీ నేనే చింపాను.

ఇంతటితో అన్ని బాధలూ తీరాయని చెప్పను. తాళం కూడా తుప్పు పడుతుంది. 2021 జనవరిలో క్వాలిస్ అనే సంస్థవాళ్లు సుడోలోనే ఒక పెద్ద లోపం బయటపెట్టారు. పట్టికలో పేరు లేని మామూలు మనిషి కూడా దానితో రూట్ కాగలడు. ఆ లోపం 2011 జులై నుంచీ అందులో ఉందట! పదేళ్లపాటు లోకమంతా వాడుతూ ఉన్నా ఎవరి కంటా పడలేదు. పరిమాణం పెరిగేకొద్దీ లోపాలకు చాటు దొరుకుతుందని ఓపెన్ బీఎస్డీ వాళ్లు 2015లోనే డూయాజ్ అనే చిన్న ప్రోగ్రామును తెచ్చుకున్నారు. 2025 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 25.10లో రస్ట్ భాషలో తిరగరాసిన సుడోను పెట్టారు. కాబట్టి కొత్త దిద్దుబాట్లు వచ్చినప్పుడల్లా వేసుకుంటూ ఉండాలి. దినచర్య సంగతీ అంతే. పూర్తి రూట్ అయినవాడు ఆ యంత్రంలోని దినచర్యనూ చెరపగలడు గనుక, దాని నకలు ఇంకో యంత్రానికి పంపుతుండాలి. మా సార్ ఆ ఏర్పాటు కూడా చేశారు.

మొదట్లో నాకు లోపల కొంచెం చిన్నతనంగానే ఉండేది. మొత్తం చేతిలో ఉన్నవాణ్ణి రెండు కమాండులకు దిగాను కదా అని. పోను పోను ఇంకోలా అనిపించింది. ఇప్పుడు సర్వరులో ఏం పోయినా నా వైపు చూడక్కర్లేదు, నేను భయపడక్కర్లేదు. నేను చేసినవి నా పేరు మీద ఉన్నాయి, చెయ్యనివి లేవు. నా పరిమితి నన్ను అవమానించడానికి పెట్టింది కాదు. నాకూ, అటెండరన్నకూ కూడా అదే కాపలా. నమ్మకం లేక హద్దు పెట్టడం వేరు, నమ్మకం నిలవాలని హద్దు పెట్టడం వేరు. మన యూనియన్ ఖజానా విషయంలో కూడా ఇది ఆలోచించదగ్గదే సుమండీ!

అక్క ప్రాజెక్టు పూర్తయింది, మార్కులు కూడా బాగానే వచ్చాయి. కాని ఆమె గ్రాఫులో ఒకచోట మూడు వారాల మేర గీత తెగి ఉంటుంది. డిపార్టుమెంటు లైబ్రరీలో ఆ ప్రతి ఉంది. నేను అప్పుడప్పుడు తీసి ఆ పేజీ చూస్తుంటాను. అటెండరన్న ఇప్పటికీ ల్యాబు తాళం తీస్తున్నాడు. క్షమించమని అడిగితే, "ఒప్పుకున్నవ్ గదా తమ్మీ, పో" అన్నాడు.

ఈ ఏడాదితో నా చదువు ఇక్కడ ముగుస్తుంది. పట్టికలో నా వరస తీసేసి ఒక జూనియరు పేరు రాయాలి. ఆ పని సార్ చేతులతోనే జరగాలి. పట్టికను దిద్దే హక్కు ఇవ్వడమంటే మళ్లీ అంతా ఇచ్చినట్టే కదా. నేను పక్కన నిలబడి చూస్తాను. తెలిసిన పాస్‌వర్డును ఎవరూ తిరిగి ఇవ్వలేరు, అది తల్లోనే ఉండిపోతుంది. ఈ వరసను మాత్రం తిరిగి ఇచ్చి వెళ్లొచ్చు.

జూనియరుకు చెప్పాల్సింది ఒక్కటే ఉంది. ఎంటర్ నొక్కేముందు ఏ కిటికీలో ఉన్నావో, ఎవరి పేరుతో ఉన్నావో ఒకసారి సూడు తమ్మీ.

— బి.ఎస్సి., తృతీయ సంవత్సరం